సూపర్వైజరు గొంతు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు చిన్నదే. పెళ్లయిన ఇన్నేళ్లలో నా మొహం వైపు నిలకడగా చూసిన పాపాన పోని మనిషి, పిట్ట కోసమైతే పూటంతా రెప్ప వేయకుండా కూర్చుంటాడు. సెలవొస్తే చాలు, మూరెడు లెన్సు మెడకు తగిలించుకుని, ఆకుపచ్చ చొక్కా తొడుక్కుని పొదల్లో దూరతాడు. ఆ చొక్కాలో పిట్టలకు కనబడడట. కూరగాయలు తెమ్మన్నప్పుడు నాకూ కనబడడు.

ఆ ఫొటోలు వాళ్ల నాన్నకు చూపించాలని ఆయన ఆశ. మామగారికేమో చూపు పోయి చాలాకాలమైంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యారు. గొంతు వింటే చాలు, అవతలి మనిషి భోంచేశాడో లేదో చెప్పేస్తారు. అత్తగారు పోయాక మంచం దిగనని మొండికేసిన ఆయన్ని దింపింది నా బతిమాలడాలు కాదు, పెరటి కంచె మీద కూసే ఒక నలుపుతెలుపు పిట్ట. వెలుగు రాకముందే ఎక్కి, లోకానికంతటికీ పనులు పురమాయిస్తున్నట్టు కూస్తుందని దానికి సూపర్వైజరని పేరు పెట్టారు. "సూపర్వైజరు డ్యూటీ ఎక్కాడమ్మాయ్, కాఫీ పెట్టు" అంటూ తడుముకుంటూ కిటికీ దగ్గరికి వచ్చేవారు. అది కూస్తేనే ఆయనకు తెల్లారినట్టు.

ఆ సూపర్వైజరు మా కంచెలోనే గూడు పెట్టింది. మా ఆయనకు దాని ఫొటో కావాలి, అదీ రెక్కలు విప్పి, నోరు తెరిచి. తోటి ఫొటోల పిచ్చివాడెవరో చిట్కా చెప్పాడట. అదే జాతి పిట్ట కూత ఫోనులో వినిపిస్తే, తన చోటికి ఇంకోడు వచ్చాడనుకుని మీదికొస్తుందని. ఫోను కంచెలో దాచి పెట్టాడు. సూపర్వైజరు ఈకలు నిక్కబొడుచుకుని వచ్చి పడింది.

"ఎవడో ట్రాన్స్‌ఫరు మీద వచ్చినట్టున్నాడు" అని మామగారు మొదట నవ్వారు. సాయంత్రానికి ఆ నవ్వు పోయింది. మనవాడు తిండీ నీళ్లూ మాని అరుస్తున్నాడని, గొంతు బొంగురుపోతోందని, గూడు వదిలి ఎంతసేపు తిరుగుతాడని నన్ను అడిగారు. చివరికి కొడుకునే పిలిచారు. "ఆ రెండోవాణ్ణి కాస్త తోలెయ్యరా."

మా ఆయన అలాగే నాన్నా అన్నాడు. వెలుతురు బాగుంది, ఇంకొక్కటి తీసి ఆపేస్తానని నాతో అన్నాడు. తాగేవాళ్లూ ఆ మాటే అంటారని నేనన్నాను. ఆ ఇంకొక్కటి వారమంతా సాగింది.

ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. పిట్ట మాత్రం మళ్లీ రాలేదు. గూట్లో గుడ్లు చల్లగా ఉన్నాయి. ప్రకృతిలో ఇవన్నీ మామూలేనని మా ఆయన తేల్చేశాడు. ఫొటోను ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాడు.

తెల్లారిందా అని మామగారు అడగడం మొదలుపెట్టారు. తెల్లారిందని నేను చెప్పినా నమ్మేవారు కాదు. మళ్లీ మంచం ఎక్కారు. కాఫీ గ్లాసు పెట్టింది పెట్టినట్టే చల్లారిపోయేది. మూసిన కిటికీ ముందు ఖాళీ కుర్చీని చూడలేక నేను దాని మీద ఉతికిన బట్టలు మడతపెట్టి ఉంచేదాన్ని.

ఒక ఉదయం కంచెలోంచి కూత వినిపించింది. పరుగున వెళ్లాను. మా ఆయన ఫోను పట్టుకుని వంగి ఉన్నాడు, నోరు విప్పకని సైగ చేశాడు. ఇంట్లోకి వచ్చేసరికి మామగారు కిటికీ దగ్గరే ఉన్నారు. తల వంచి విన్నారు. కాఫీ అడగలేదు. మర్నాడూ అలాగే విన్నారు, ఆ మర్నాడు కొడుకును పిలిచారు.

"ఇది మన సూపర్వైజరు గొంతు కాదురా. ఆ రెండోవాడిది. వీడు రోజూ ఒకే చోట ఆగి ఊపిరి పీలుస్తున్నాడు. మా ఎక్స్ఛేంజిలో రికార్డు చేసిపెట్టిన గొంతులు అలా మాట్లాడేవి." కొడుకు వైపు తల తిప్పారు. "మనవాడు పోయాడు కదూ?"

కంచెలో ఫోను ఇంకా కూస్తూనే ఉంది. మా ఆయన వెళ్లి దాన్ని ఆపి వచ్చాడు. ఆకుపచ్చ చొక్కా ఒంటిమీదే ఉంది కాని, దూరడానికి ఆ గదిలో పొద లేదు. తండ్రి కుర్చీ పక్కన నేలమీద కూలబడ్డాడు.

"రెండోవాడంటూ ఎవడూ లేడు నాన్నా. అది నా ఫోనే. నువ్వు తోలెయ్యమన్నది నన్నే. ఫొటో కోసం నేనే వాణ్ణి వెళ్లగొట్టాను." ఫోను తీసి తండ్రి చేతిలో పెట్టాడు. "తప్పు నాదే నాన్నా."