ఓర్విన్ తలుపు తీయలేదు

లాగిన్ పేజీ మళ్ళీ కుప్పకూలింది. భార్గవి దాన్ని మళ్ళీ తెరిచింది. తప్పు పాస్‌వర్డ్ కొట్టింది. ఖాళీగా వదిలేసి చూసింది. పేరు రాయాల్సిన చోట అంకెలు కొట్టింది. జనం చేయగల తెలివితక్కువ పనులన్నీ వాళ్ళకన్నా ముందే చేసి చూడటం ఆమె ఉద్యోగం. ఎక్కడ తప్పు దొరికితే అక్కడ స్క్రీను ఫొటో తీసి, ‘ఇక్కడ పడిపోతోంది’ అని రాసి పంపుతుంది. ప్రోగ్రాం రాసినవాడు ‘నా దగ్గర బాగానే ఉంది’ అని తిప్పి పంపుతాడు. ఆమె మళ్ళీ పంపుతుంది. చివరికి అలిసిపోయేది అవతలివాడే.

నలభై ఆరేళ్ళ మనిషి. పొడవు, సన్నం. గోపన్‌పల్లి నుంచి స్కూటీ మీద వచ్చేసరికి హెల్మెట్ అంచు నుదుటి మీద ఎర్రగా గీత వేస్తుంది. మధ్యాహ్నానికిగాని ఆ గీత పోదు. మౌసు పట్టిపట్టి నొప్పి పుట్టిన కుడి మణికట్టుకు నల్లటి పట్టీ. మెడలో వేలాడే కార్డు మీది ఫొటోలో జుట్టంతా నల్లగా ఉంటుంది. హైటెక్ సిటీలో ఇలాంటి అద్దాల మేడల్లో ఆమెను చూసినవాళ్ళు వేలమంది ఉంటారు. గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ.

ఈ సోమవారం మాత్రం ఆమెకు రెండు పనులున్నాయి. మధ్యాహ్నం భోజనాలప్పుడు ‘మంచుకోట’ ఆఖరి సీజను మొదటి ఎపిసోడు చూడాలి. నాలుగు గంటలకు హెచ్‌ఆర్ గదికి వెళ్ళాలి.

రెండో సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం హెచ్‌ఆర్ ప్రియాంక పిలిచి, తలుపు మూసి, మంచినీళ్ళ సీసా ముందుకు జరిపింది. నీళ్ళ సీసా జరపగానే భార్గవికి అర్థమైంది.

“కంపెనీ ఎవర్నీ తీసేయట్లేదండి,” అంది ప్రియాంక. “మీ అంతట మీరే రాజీనామా చేసినట్టు పోర్టల్‌లో ఒక్క బటన్ నొక్కితే చాలండి. సర్టిఫికెట్ శుభ్రంగా ఇస్తాం. రేపు ఇంకో చోట అడిగినా మంచిమాటే చెప్తాం. సోమవారం దాకా ఆలోచించుకోండి.”

శనివారం, ఆదివారం భార్గవి ఆలోచించింది. నొక్కితే మంచి సర్టిఫికెట్. నొక్కకపోతే పేరు మీద మచ్చ. ఈ వయసులో, ఈ రంగంలో, మచ్చతో ఇంకో ఉద్యోగం దొరకటం కష్టం. ఎటు తిప్పి చూసినా నొక్కటమే తెలివైన పని. ఆ తెలివైన పని ఆమె ఇంతకుముందు కూడా చేసింది.

పదకొండింటికి టీ. ప్యాంట్రీలో టీ మెషీను పక్కన గోడకు ఒక తెల్లబోర్డు ఉంది. ఏదో ప్రాజెక్టు కోసం తగిలించారు. ప్రాజెక్టు పోయింది, బోర్డు మిగిలింది. దాన్ని ‘మంచుకోట’ వాళ్ళు ఆక్రమించారు.

మంచుకోట అంటే టీవీ సీరియల్. రాజులు, మంత్రగత్తెలు, రెక్కల తోడేళ్ళు. ఎక్కడో మంచుదేశంలో తీసింది, తెలుగు మాటలతో ఫోన్లలోకి వస్తుంది. కోటకు ఒకటే తలుపు. ఆ తలుపు దగ్గర లాంతరు పెట్టుకుని కూర్చునే ముసలి కాపలావాడు ఓర్విన్. పోయిన సీజను చివర్లో తెల్లారేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. శత్రువులు లోపల ఉన్నారు. ఓర్విన్ మంచులో పడి ఉన్నాడు, చేతిలో తాళంచెవితో. అక్కడ ఆపేశారు.

తలుపు తీసింది ఎవరు? ఏడాదిగా ఈ ప్యాంట్రీలో ఇదే గొడవ. ఎవరికి తోచింది వాళ్ళు బోర్డు మీద రాసి కింద పేరు పెడతారు. రూలు ఒకటే: ఓడినవాళ్ళు తమ రాతను తమ చేత్తోనే తుడవాలి. ఇంకెవరూ తుడవకూడదు. ఆ రూలు పెట్టింది భార్గవే. ఇప్పటికి నాలుగైదు రాతలు మిగిలాయి. అన్నిటికన్నా పైన, నీలం రంగులో, కొంచెం ఎడమకు ఒరిగిన అక్షరాలతో: ‘ఓర్విన్ తలుపు తీయలేదు – భార్గవి.’

“ఇయ్యాల నీ రాత పోతది అక్కా,” అన్నాడు దినేశ్, టీ కప్పు ఊదుకుంటూ. దినేశ్ ఆమె టీముకు మేనేజరు. ఆమెకన్నా పన్నెండేళ్ళు చిన్న. బాలానగర్ ఫ్యాక్టరీలో లేతు మెషీను నడిపిన మనిషి కొడుకు. కొత్తగా చేరినప్పుడు పని నేర్పింది భార్గవే కాబట్టి మేనేజరయ్యాక కూడా అక్కా అనే పిలుస్తాడు. రోజూ ఆమె మొహంలోకి చూసి వాదించేవాడు ఇవాళ కప్పులోకి చూస్తున్నాడు.

“పోదులే నాయనా. ఆయప్ప తీసే రకం కాదు. రాజు కొడుకొచ్చి నిలబడినా, గుర్తుమాట చెప్పలేదని మంచులో నిలబెట్టినోడు,” అంది భార్గవి.

“ప్రాణం మీదికొస్తే ఎవడైనా తీస్తడక్కా. చేతుల చావి ఉంది కదా. ఇంకేం సాక్ష్యం గావాలె నీకు?”

“చేతిలో ఉంటే? పడిపోయినోని చేతిలో ఎవురైనా పెట్టొచ్చు.”

“అంటే దెయ్యం తీసిందా మేడం?” అంది నీహారిక, టీములో అందరికన్నా చిన్నది. “నా థియరీ అదే. మంత్రగత్తె తీసింది. రాసి పెట్టుకోండి.”

“రాసినవు కదనే, కనపడ్తుంది. స్పెల్లింగ్ తప్పుతోని,” అన్నాడు దినేశ్.

కప్పులు ఏరుతున్న సీతాబాయి కలగజేసుకుంది. ఆఫీసు ఊడ్చి తుడిచే మనిషి. వాళ్ళాయన పుప్పాలగూడలో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మెన్. “ఎవలు తీసినా వాచ్‌మెన్ మీదనే పడ్తది సార్. మా తాన మూడో అంతస్తుల బంగారం పోతే మా ఆయన్నే పట్టుకున్నరు. ఆఖరికి వాళ్ళ అల్లుడు తీసిండు. మాఫీ గిట్ల అడిగిండ్రా అంటే, లేదు.”

“విన్నావా దినేశూ,” అంది భార్గవి.

దినేశ్ నవ్వాడు. కానీ కప్పు సగం తాగకుండానే పారేసి వెళ్ళిపోయాడు.

భార్గవి సీటుకు తిరిగొచ్చి మళ్ళీ లాగిన్ పేజీ తెరిచింది. ధర్మవరం నుంచి ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఆమె పనిచేసిన కంపెనీ ఒకటి మూతబడే ముందు ఇలాగే అడిగింది. రాసిచ్చింది. ‘నా ఇష్టపూర్వకంగా వెళుతున్నాను.’ ఆ తరవాత ఎవరడిగినా అందరూ అదే చెప్పారు: ఆమే మానేసిందట. అమ్మ కూడా చుట్టాలకు అలాగే చెప్పింది. కొన్నేళ్ళకు పెళ్ళి. ఇంకొన్నేళ్ళకు కోర్టు. ఇంట్లోంచి గెంటింది ఆయన. కాగితం మీద రాసింది మాత్రం ‘ఇద్దరి ఇష్టంతో’. లాయరు పెన్ను చేతికిచ్చి, ఇలా అయితే మీకే మంచిదమ్మా అన్నాడు. సంతకం పెట్టింది. ఇప్పటికీ ఆయన తరఫువాళ్ళు ఎక్కడ కనిపించినా అంటారు, నువ్వూ ఒప్పుకున్నావు కదమ్మా అని.

ఒప్పుకున్న మనిషికి కోపం తెచ్చుకునే హక్కు కూడా ఉండదు. అన్నిటికన్నా అదే ఆమెకు మింగుడుపడలేదు.

ఒంటిగంటకు చిన్న మీటింగు గదిలో చేరారు. అందరూ డబ్బాలు తెచ్చుకున్నారు. భార్గవి డబ్బాలో బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు. లైట్లు ఆర్పారు. గోడ మీద మంచు కురవటం మొదలైంది.

సీరియల్ వాళ్ళు నాన్చలేదు. మొదటి సన్నివేశమే ఆ రాత్రి. ఓర్విన్ లాంతరు ముందు కూర్చుని ఉన్నాడు. తలుపు సందులోంచి శత్రు సేనాపతి గొంతు వినిపించింది, మెత్తగా.

‘ముసలోడా, ఈ తలుపు ఎలాగూ విరుగుతుంది. నువ్వే తీస్తే నీకే మంచిది. దక్షిణాన ఎండకాసే ఊళ్ళో ఇల్లిస్తాం.’

ఓర్విన్ చాలాసేపు లాంతరులోకి చూశాడు. భార్గవి ముద్ద నోటి దాకా తెచ్చి ఆపింది. ముసలివాడు లేచాడు. మోకాళ్ళు పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ వెళ్ళి, తాళం తీశాడు. తీసిన చేతిని ఏదో కొత్తగా చూస్తున్నట్టు చూసుకున్నాడు. సేనాపతి లోపలికి వస్తూనే అతన్ని పొడిచి, మంచులోకి తోసి, దాటుకుని వెళ్ళిపోయాడు.

గదిలో ఎవరో ఈల వేశారు. నీహారిక ముక్కు చీదుకుంది. లైట్లు వెలిగాయి.

దినేశ్ ప్యాంట్రీకి వెళ్ళి, కొక్కేనికి వేలాడుతున్న డస్టర్ తీసుకొచ్చి, రెండు చేతులతో ఆమె ముందు పెట్టాడు, కానుక ఇచ్చినట్టు. “తుడువు అక్కా. సాలు సాలంతా తిన్నవు మా బుర్రలు.”

“తుడవను,” అంది భార్గవి.

“అదెట్ల? రూలు నువ్వే పెట్టినవు.”

“ఏం రూలు? ఓడినోళ్ళు తుడవల్ల. నేను యాడ ఓడినాను?”

“ఇప్పుడే చూస్తివి కదక్కా, గోడంత సైజుల.”

“కథ రాసినోడు ఓడినాడు. ఇన్నేండ్లు ఒక మనిషిని కూర్చోబెట్టి, ఎండకాసే ఇంటికి అమ్మేసినాడు. అది ఆయప్ప తప్పా? రాయడం చేతకానోని తప్పు.”

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. డబ్బా మూత పెట్టుకుని లేచింది. బజ్జీ ఒకటి అలాగే మిగిలింది.

నాలుగింటికి హెచ్‌ఆర్ గది తలుపు తోసేసరికి లోపల ప్రియాంక ఒక్కతే లేదు. దినేశ్ కూడా ఉన్నాడు, గోడ వైపు కుర్చీలో, బడిలో దొరికిపోయిన పిల్లవాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని. పొద్దున కప్పులోకి ఎందుకు చూశాడో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

“పేరిచ్చింది నువ్వేనా?” అంది భార్గవి. కోపంగా కాదు.

“ఒకరి పేరు ఇయ్యాలె అన్నరు అక్కా. అందరికీ చిన్నచిన్న పిల్లలు...”

“నాకు లేరు. సరే.”

ప్రియాంక లాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పింది. తెర మీద ఒక కాగితం, అంతా ముందే రాసి ఉంది. స్వంత కారణాల వల్ల, నా ఇష్టపూర్వకంగా. కింద పచ్చని బటన్. “ఒక్క క్లిక్ అండి. మీ చేత్తో నొక్కాలి. మీ లాగిన్ కదా.”

భార్గవి ఆ బటన్‌ను చూసింది. ఇన్నేళ్ళలో ఎన్ని లక్షల బటన్లు నొక్కి ఉంటుందో. ఏది ఎక్కడ పడిపోతుందో చూడటానికి నొక్కటమే కదా బతుకు.

“నొక్కకపోతే?”

“అప్పుడు కంపెనీయే తీసేయాల్సి వస్తుందండి. కారణం రాయాలి. పై వాళ్ళు ఒప్పుకోవాలి. అది మీ రికార్డులో ఉండిపోతుంది. మాకూ ఇబ్బంది, మీకు ఇంకా ఇబ్బంది.” ప్రియాంక ముఖంలో నిజంగానే జాలి ఉంది. “దినేశ్‌గారూ, మీరైనా చెప్పండి.”

దినేశ్ కుర్చీలో ముందుకు జరిగాడు. “అక్కా, జర ఆలోచించు. ఉద్యోగం ఎట్లైనా పోతది. నువ్వే నొక్కితే నీకే మంచి...”

అక్కడ ఆగిపోయాడు. ఆ మాట మధ్యాహ్నం ఎక్కడ విన్నాడో అతనికే గుర్తొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. నేల వైపు చూశాడు.

భార్గవి లాప్‌టాప్ మూత అంచు పట్టుకుని, దాన్ని నెమ్మదిగా ప్రియాంక వైపు తిప్పింది.

“మీరు తీయండమ్మా. తీసే అధికారం మీకుంది, నేను కాదనను. కానీ తీసింది మీరేనని మీ చేత్తోనే రాయండి. కారణం కూడా మీరే వెతకండి. దొరక్కపోతే దినేశ్‌ను అడగండి, తప్పులు పట్టేది ఎట్లో ఆయనకు నేను నేర్పించినాను.”

“భార్గవిగారూ, ఆవేశపడకండి. దీనివల్ల మీకేం లాభం చెప్పండి?”

“ఏం లేదు,” అంది భార్గవి. “రేపు ఎవురన్నా అడిగితే, నన్ను తీసేసినారు అని చెప్తాను. అంతే. ఆ మాట చెప్పాలని నాకు చాన్నాళ్ళుగా ఉంది.”

ప్రియాంక ఫోను తీసుకుని బయటికి వెళ్ళింది. అద్దం అవతల అటూ ఇటూ తిరుగుతూ ఎవరితోనో మాట్లాడింది. దినేశ్ నీళ్ళ సీసా ఆమె వైపు జరపబోయి, మానుకున్నాడు. తిరిగొచ్చిన ప్రియాంక కూర్చోలేదు. ఈ రోజుతో ఆమె లాగిన్ ఆగిపోతుందని, మిగతా కాగితాలు కంపెనీ నుంచే వస్తాయని నిలబడే చెప్పింది.

“కంపెనీ నుంచే కదా?” అంది భార్గవి.

“అవునండి.”

“అది చాలు.”

సీటు దగ్గర సర్దుకోవటానికి పెద్దగా ఏమీ లేదు. డబ్బా, హెల్మెట్, తలనొప్పి తైలం. లాగిన్ పేజీ తెర మీద ఇంకా వెలుగుతూనే ఉంది. పొద్దున దొరికిన తప్పు పంపలేదని గుర్తొచ్చి పాస్‌వర్డ్ కొట్టింది. తీసుకోలేదు. మొదటిసారి ఆ పేజీ ఆమెను సరిగ్గా ఆపింది.

పోతూ పోతూ ప్యాంట్రీలోకి వెళ్ళింది. బోర్డు మీద నీహారిక మంత్రగత్తె అప్పుడే పోయింది. మిగతా రాతలు కూడా పోయాయి. పైన ఆమెది ఒక్కటే ఉంది, ఏడాది ఆవిరికి పాలిపోయి. ‘తీయలేదు’లో చివరి అక్షరం సగం చెరిగింది. భార్గవి నీలం మార్కరు మూత తీసి, వాక్యమంతా మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ దిద్దింది. తన పేరు కూడా. మణికట్టు నొప్పి పుట్టింది.

కింద గేటు దగ్గర సెక్యూరిటీ అతను కార్డు తీసుకుని, ఫొటోనూ మనిషినీ ఒకసారి పోల్చి చూశాడు. “డ్యూటీ మారిందా మేడం?”

“తీసేసినార్రా అబ్బా,” అంది భార్గవి. హెల్మెట్ పెట్టుకుని, స్కూటీ తిప్పి, ఐదింటి ట్రాఫిక్‌లో కలిసిపోయింది.

పైన, చివరి కప్పులు ఏరటానికి వచ్చిన సీతాబాయి తడిగుడ్డతో బోర్డు ముందు నిలబడింది. టీ మెషీను దగ్గర దినేశ్ ఖాళీ కప్పు పట్టుకుని ఉన్నాడు.

“ఇది తుడవాల్నా సార్?”

“ఓడినోళ్ళే తుడవాలె,” అన్నాడు దినేశ్.

“గట్లనా. మరి ఎవలు ఓడిండ్రు?”

దినేశ్ ఖాళీ కప్పును టీ మెషీను కింద పెట్టాడు. సీతాబాయి కాసేపు చూసి, గుడ్డ బకెట్‌లో వేసుకుని వెళ్ళిపోయింది. డస్టర్ కొక్కేనికి వేలాడుతూనే ఉంది. దాని పైన, కొంచెం ఎడమకు ఒరిగి, కొత్తగా మెరుస్తున్న నీలం అక్షరాలు.