ఎనిమిదో వంతు

నా భర్త లోవెల్ రాసిన జాబితాలో పదకొండు పంక్తులు ఉన్నాయి. అది ట్రైలర్ లోపల, కప్పుల అలమర తలుపుకి వెనకవైపు అంటించి ఉంటుంది. గొళ్ళెం, గొలుసులు, దీపాల తీగ, గ్యాస్ సీసా, కిటికీలు, మెట్టు. ఇలా పదకొండు. బయలుదేరే ముందు ఒకరు చదవాలి, ఇంకొకరు ఒక్కోదాన్ని చేత్తో తాకి "ఉంది" అనాలి. ఇరవై రెండేళ్ళు నేను చదివాను, ఆయన తాకారు.

ఆ జూన్ ఉదయం నేను చదివాను, మా అమ్మాయి మారెన్ తాకింది.

లోవెల్ జనవరిలో పోయారు. కొండ అవతల సరస్సు ఒడ్డున ప్రతి జూన్‌లో పాత ట్రైలర్లవాళ్ళం కలుస్తాం. ఈసారి వెళ్ళకూడదనుకున్నాను. మారెన్ వినలేదు. ముందురోజే పోర్ట్‌లాండ్ నుంచి వచ్చి షెడ్డు తలుపులు తీసింది. లోపల యాభై ఆరు నాటి షెవర్లే స్టేషన్ వాగన్, దాని పక్కన మేబెల్. మేబెల్ మా ట్రైలర్. దాని వయసు నా వయసుకి రెండేళ్ళు తక్కువ. పదమూడు అడుగుల పొడవు, హ్యామ్ మాంసం డబ్బాని నిలబెట్టినట్టు గుండ్రటి ఒళ్ళు, లేత పసుపు రంగు మీద తెల్ల చార. దానికి బ్రేకులు లేవు. ఆ రోజుల్లో అంత చిన్నవాటికి పెట్టేవారు కాదు. ఆపే పని అంతా ముందున్న కారుదే.

వాగన్ నడిపేది మారెన్. పక్క సీట్లో లోవెల్ తమ్ముడు డెల్బర్ట్. వెనక పికప్‌లో నేను. ముందు వెళ్ళేవాళ్ళకి తమ ట్రైలర్ సరిగ్గా కనపడదు కాబట్టి వెనక ఒకరు చూస్తూ రావాలి. మా వాళ్ళ పద్ధతి అది.

"వదినా, నువ్వు వెనక వస్తుంటే టీచరు నెత్తి మీద నిలబడి పరీక్ష రాయించినట్టుంటుంది," అన్నాడు డెల్బర్ట్.

"నువ్వు ఏ పరీక్షా పాసవలేదుగా బాబాయ్, నీకెందుకు భయం?" అంది మారెన్.

"పాసవకపోతేనేం, పక్కవాడి కాగితం చూడ్డంలో నా అంతవాడు ఈ జిల్లాలో లేడు. మీ నాన్ననడుగు..." అని ఆగిపోయాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

నేను మారెన్‌ని అడిగాను. "నేను దీపాలు రెండుసార్లు వెలిగిస్తే ఏం చెయ్యాలి?"

"ఉన్నపళాన ఆపెయ్యాలి. ఎందుకని అడగొద్దు, రెండోసారి అద్దంలో చూడొద్దు, బ్రేకు తొక్కెయ్యి. నాకు పదహారేళ్ళప్పుడు నాన్న ఎన్నిసార్లు చెప్పాడో! నిద్రలో దీపం వెలిగినా తొక్కేస్తాను."

ఎనిమిదిన్నరకి బయలుదేరాం.

కొండ మొదట్లో ఒక చిన్న దుకాణం ఉంది. ఐసు కొనాలని నేను అక్కడ ఆగాను. మారెన్ ఆగలేదు. ఆ వాగన్ ఒకసారి వేగం పుంజుకున్నాక కొండ చడావు ఎక్కే ముందు ఆపడం దానికి ఇష్టం ఉండదు. కిటికీలోంచి చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. నేను ఐసు తీసుకున్నాను. డెల్బర్ట్ కోసం ఎప్పటిలాగే అరడజను డోనట్లు తీసుకున్నాను. దుకాణం ఆయన లోవెల్ గురించి రెండు మాటలు చెప్పాడు. నేను తల ఊపాను. అంతా కలిపి పది నిమిషాలు.

ఐసు పెట్టె కదలకుండా కట్టాలి. తాడు కోసం పికప్ వెనకున్న పనిముట్ల పెట్టె తెరిచాను. పెద్ద పానా పక్కన నీలం చొక్కాలో చుట్టిన బరువైనది ఏదో తగిలింది. చొక్కా లోవెల్‌ది. చుట్టింది నేనే. విప్పేలోపే నాకు తెలిసిపోయింది.

లోపల ఉక్కు గుండు ఉంది.

కారు వెనక బంపర్ దగ్గర బిగించే గుండు అది. ట్రైలర్ మూతి దాని మీద టోపీలా కూర్చుంటుంది. గొళ్ళెం పడుతుంది. లాగే బలమంతా ఆ ఒక్కచోటే. గుండు నెత్తిన అంకె చెక్కి ఉంటుంది. నా చేతిలో ఉన్నదాని మీద "2" అని ఉంది. రెండంగుళాలు. మేబెల్ మూతి రెండంగుళాలది.

ఏప్రిల్‌లో లోవెల్ బట్టలు, బూట్లు, పుస్తకాలు ఇచ్చెయ్యడానికి చర్చివాళ్ళ చిన్న సామాను ట్రైలర్ తెచ్చుకున్నాను. దాని మూతి చిన్నది. దానికి సరిపడే గుండు షెడ్డు అరలో ఉంటే వాగన్‌కి బిగించాను. ఎవరినీ పిలవలేదు. ఆ పానా పట్టుకుని నేనే బిగించాను. తీసిన గుండుని, ఇవ్వబుద్ధి కాని ఒక్క చొక్కాలో చుట్టి పికప్‌లో పెట్టాను. ఆ తర్వాత ఆ పని గుర్తు లేదు. ఆ నెలలో చేసినవి చాలా గుర్తు లేవు.

చిన్న గుండు ఒక అంగుళం, ఇంకో అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. తేడా ఎనిమిదో వంతు. ముప్పై నాలుగేళ్ళు నాలుగో తరగతి పిల్లలకి బోర్డు మీద గుండ్రం గీసి, ఎనిమిది ముక్కలు చేసి, ఒకటి చెరిపి చూపించాను. ఎంత మిగిలింది? దాదాపు అంతా.

అదే ప్రమాదం. మూతి కూర్చుంటుంది, గొళ్ళెం పడుతుంది, చూపుకి ఏ లోపమూ కనపడదు. చదును రోడ్డు మీద నెలరోజులైనా నడుస్తుంది. చడావులో ట్రైలర్ వెనక్కి లాగుతుంటుంది కాబట్టి అప్పుడూ నిలుస్తుంది. కానీ దిగుడులో ట్రైలరే కారుని తోస్తుంది. ఆ తోపుకి ఒక గతుకు తోడైతే మూతి గుండు మీంచి లేచిపోతుంది. గొలుసులు దాన్ని వదలవు. మూతి రోడ్డులో గుచ్చుకుంటుంది, లేస్తుంది, పదిహేను వందల పౌండ్ల బరువు కారు వెనక్కి వచ్చి కొడుతుంది. మా కనుమ దిగుడులో ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. శిఖరం దాటిన వెంటనే మంచుకి ఉబ్బిన రోడ్డు మూడు చోట్ల ఎత్తుగా లేచి ఉంటుంది. లోవెల్ వాటిని ఒంటె వీపులు అనేవారు.

శిఖరం అక్కడికి పదకొండు మైళ్ళు. వాగన్ చడావులో గంటకి ముప్పై మైళ్ళు వెళ్తుంది. పది నిమిషాలు గడిచాయి కాబట్టి ఐదు మైళ్ళు వెళ్ళి ఉంటారు. ఇంకో పన్నెండు నిమిషాలు.

ఫోను తీశాను. సిగ్నల్ లేదు. అక్కడ ఎప్పుడూ ఉండదు.

ఐసు నేల మీద వదిలేసి బయలుదేరాను.

రెండు మైళ్ళు అరవైలో నడిపాను. తర్వాత గడ్డి మోపుల లారీ అడ్డం వచ్చింది. ఇరవై ఐదు. రోడ్డు మధ్య జంట పసుపు గీత. మలుపు తర్వాత మలుపు. హారన్ కొట్టాను. డ్రైవరు చెయ్యి బయటపెట్టి, ఎక్కడికి పోను అన్నట్టు ఊపాడు. నిజమే, అతనికి తప్పుకునే చోటు లేదు. గడియారం చూశాను. చూడకుండా ఉండాల్సింది.

కొంచెం తిన్నగా ఉన్న చోట గీత దాటాను. అలా దాటడం నాకు అదే మొదటిసారి. సగం లారీ దాటాక ఎదురుగా మలుపులోంచి దుంగలు మోసే ఖాళీ లారీ దిగుతూ కనపడింది. వెనక్కి తగ్గే టైము లేదు. గడ్డి లారీ అతను బ్రేకు వేసి చోటిచ్చాడు. నేను అతని ముందుకి దూరాను. దుంగల లారీ గాలికి పికప్ పక్కకి ఊగింది. అతను హారన్ కొడుతూ దిగిపోయాడు. ఏమని తిట్టి ఉంటాడో నాకు తెలుసు. నేనైనా అదే అనేదాన్ని.

తొమ్మిదో మైలు రాయి దగ్గర మేబెల్ కనపడింది.

దగ్గరికి వెళ్ళాను. వెనక నుంచి మూతి కనపడదు. కానీ ట్రైలర్ నడక తెలుస్తుంది. ఇరవై రెండేళ్ళు దాన్ని చూశాను. రోడ్డు అతుకు దాటినప్పుడల్లా ముందు భాగం ఉండాల్సినదానికంటే ఒక్క క్షణం ఆలస్యంగా కిందికి దిగుతోంది. వెనక కిటికీలో నేను కుట్టిన తెర ఊగి, ఆగి, మళ్ళీ ఊగుతోంది.

నా చెయ్యి దీపాల మీట మీదికి వెళ్ళింది. రెండుసార్లు లాగితే చాలు.

మీట లాగలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

లాగితే మారెన్ ఏం చేస్తుందో నాకు తెలుసు. ఎందుకని అడగదు, రెండోసారి అద్దంలో చూడదు. లోవెల్ నేర్పినట్టే ఉన్నపళాన బ్రేకు తొక్కుతుంది. బ్రేకుల్లేని ట్రైలర్ ముందుకి తోస్తుంది. దిగుడు చెయ్యాల్సిన పని నేనే చేసినట్టవుతుంది. హారన్ కొట్టినా అంతే, అరిచినా అంతే.

శిఖరానికి అర మైలు ముందు కుడివైపు కంకర పోసిన వెడల్పు చోటు ఉంది. చలికాలంలో చక్రాలకి గొలుసులు కట్టుకోవడానికి అందరూ ఆగేది అక్కడే. దాని తర్వాత ఆగడానికి చోటు లేదు. అది ఇంకో మైలు దూరంలో ఉంది. నేను ముందుకి వెళ్ళాలి.

మళ్ళీ గీత దాటాను. మలుపు అవతల ఏముందో కనపడలేదు. పక్కకి వచ్చేసరికి మారెన్ నావైపు తిరిగింది. పెదవులు కదిలాయి, "అమ్మా?" అని. ఒకసారి బడిలో పొగ వచ్చినప్పుడు ఇరవై ఆరుమంది పిల్లల్ని వరసలో బయటికి నడిపించాను. అప్పుడు ఏ ముఖం పెట్టుకున్నానో అదే ముఖం పెట్టుకున్నాను. డెల్బర్ట్ ఆమె భుజం మీంచి వంగి పళ్ళికిలించాడు. పందెం అనుకున్నాడు.

వాళ్ళ ముందుకి వచ్చాను. బ్రేకు తాకలేదు. నా వెనక ఎర్ర దీపం వెలిగితే తనూ తొక్కుతుంది. యాక్సిలరేటర్ మీంచి పాదం కొద్దికొద్దిగా ఎత్తాను. ఎడమ చెయ్యి కిటికీలోంచి బయటికి చాచి, అరచెయ్యి కిందికి పెట్టి, గాలిని నెమ్మదిగా అదిమాను. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

మా ఊరి బడిలో నాలుగో తరగతికి ఒక్కటే గది. మారెన్ కూడా నా దగ్గరే చదివింది. గోల ఎక్కువైతే నేను అరిచేదాన్ని కాదు. చెయ్యి చాచి ఇలా అదిమేదాన్ని. మొదటి వరస సద్దుమణిగేది, తర్వాత రెండోది.

అద్దంలో చూశాను. వాగన్ దగ్గరైంది. మరీ దగ్గరైంది. తర్వాత దూరం కుదురుకుంది. తను కూడా పాదం ఎత్తింది. ఇరవై ఐదు. ఇరవై. చడావే మిగతా పని చేస్తోంది. కంకర కనపడింది. కుడివైపు దీపం వేశాను. తనూ వేసింది. పదిహేను. పది. కంకర మీద నేను ఆగాను. నా వెనక వాగన్ ఆగింది. దాని వెనక మేబెల్ ఆగింది.

డెల్బర్ట్ ముందు దిగాడు. "వదినా! ఈ రేసుల పిచ్చి నీకెప్పుడు పట్టింది? నా డోనట్లేవీ?"

"చక్రాల కింద దిమ్మెలు పెట్టు డెల్బర్ట్. నాలుగూ."

నా గొంతు విని అతను వెంటనే కదిలాడు. దిమ్మెలు పెట్టాడు.

"ఏమైందమ్మా?" అంది మారెన్.

"జాకీ దింపి మూతి పైకి ఎత్తు. గొళ్ళెం తియ్యొద్దు."

తను జాకీ చక్రం తిప్పింది. గొళ్ళెం పడి ఉంది కాబట్టి మూతితో పాటు కారు వెనక భాగం కూడా లేవాలి. కారు లేవలేదు. మూతి ఒక అంగుళం లేచింది, పక్కకి వాలింది, చిన్న శబ్దంతో గుండు దాటి పైకి వచ్చేసింది. గొళ్ళెం వేసినట్టే ఉంది.

ఇందాకటి గడ్డి లారీ మెల్లగా మమ్మల్ని దాటి, శిఖరం వైపు వెళ్ళిపోయింది.

"నేను తాకానమ్మా," అంది మారెన్. "పదకొండూ తాకాను. గొళ్ళెం పడింది. నేను చూశాను."

"నువ్వు సరిగ్గానే చూశావు. గుండు మార్చింది నేను. ఏప్రిల్‌లో. నాన్న బట్టలు తీసుకెళ్ళడానికి."

చొక్కాలోంచి పెద్ద గుండు తీసి తన చేతిలో పెట్టాను. తను దాని మీది అంకె చూసింది. చొక్కా చూసింది. చాలాసేపు చొక్కానే చూసింది.

"ఇది ఉంచుకున్నావా?"

"ఒక్కటి."

డెల్బర్ట్ నా చేతిలోంచి పానా తీసుకుని బంపర్ కింద కూర్చున్నాడు. నట్టు కదలలేదు. రెండో కాలు ఆనించి లాగాడు. "ఇది బిగించింది మనిషేనా? వదినా, నువ్వు స్కూల్లో కాదు, గ్యారేజీలో ఉండాల్సినదానివి." పానా రెండుసార్లు జారింది. మూడోసారి నట్టు కదిలింది.

పెద్ద గుండు బిగించాక మూతి దాని మీదికి దింపాం. మళ్ళీ జాకీ తిప్పించాను. ఈసారి వాగన్ వెనక చక్రాల మీంచి లేవడం మొదలుపెట్టింది. మళ్ళీ దింపించి, మళ్ళీ ఎత్తించాను. మారెన్ విసుక్కోలేదు.

తర్వాత ట్రైలర్‌లోకి వెళ్ళాను. అలమర తలుపు తెరిచాను. ఆయన పదకొండు పంక్తులూ పెద్ద అక్షరాల్లో, వరసగా ఉన్నాయి. ఆ కారుకి ఈ ట్రైలర్ తప్ప ఆయన ఇంకేదీ కట్టలేదు. గుండు గురించి రాయాల్సిన పని ఆయనకి ఎప్పుడూ రాలేదు. పెన్సిల్‌తో కింద పన్నెండోది రాశాను. "గుండు మీద అంకె చదవాలి. జాకీతో ఎత్తితే కారు లేవాలి." ఆయన అక్షరాల పక్కన నావి గుండ్రంగా, బోర్డు మీద రాసినట్టు ఉన్నాయి.

బయటికి వచ్చేసరికి మారెన్ తాళాలు చాచి నిలబడి ఉంది. "నువ్వు నడుపు. నావల్ల కాదు."

తీసుకోవాలనిపించింది. తీసుకుంటే తను ఇంకెప్పుడూ ఆ సీట్లో కూర్చోదు.

"పికప్ డెల్బర్ట్ తెస్తాడు. నేను నీ పక్కన కూర్చుంటాను," అన్నాను. "రెండో గేర్లో దిగు. బ్రేకు తొక్కి పట్టుకోకు. కొంచెం తొక్కి వదులు."

"అది నాకు తెలుసు," అంది కొంచెం కోపంగా. ఆ కోపం వినడం బాగుంది.

శిఖరం దాటాం. మేబెల్ వెనక నుంచి తోయడం వీపుకి తెలిసింది. ఎడమవైపు లోయ తెరుచుకుంది. మొదటి ఒంటె వీపు ఎక్కి దిగాం. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. ఏ శబ్దమూ లేదు. రెండోది. మూడోది అన్నిటికంటే పెద్దది. కారు లేచింది, పడింది. దాని వెనకే, సరిగ్గా దానితో పాటే, మేబెల్ లేచింది, పడింది.

మారెన్ రోడ్డు మీంచి కళ్ళు తీయకుండా అంది: "అమ్మా, ఇంక ఆ తలుపు పిడి వదులు. ఊడి చేతికొచ్చేలా ఉంది."

వదల్లేదు. కింద సరస్సు కనపడేదాకా పట్టుకునే ఉన్నాను.