నాలుగు పక్కలా గాలి

కోవిల్‌పట్టి నుంచి బయలుదేరేటప్పుడు సామానంతా చిన్న లారీ వెనక వేయించి, ఆంప్లిఫయర్‌ను మాత్రం మాయక్కాళ్ ఒడిలో పెట్టుకుంది. పాత నూలుచీర చుట్టిన ఆ ఇనప పెట్టె రుబ్బురోలంత బరువుంటుంది. సాత్తూరు వచ్చేసరికి తొడలు తిమ్మిరెక్కాయి. కింద పెట్టమ్మా అని డ్రైవరు పదేపదే చెప్పాడు. గుంతలో పడితే గాజు వాల్వులు పగులుతాయి, నువ్వు రోడ్డు చూసి పో నాయనా అని అరవంలో అతనికి సమాధానం చెప్పి, పెట్టెను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

ఆ పెట్టె ఆమె భర్త పొన్నుసామి కొన్నది. పెళ్ళిళ్ళకీ, చెవులు కుట్టే పండుగలకీ, అమ్మవారి కొలుపులకీ మైక్ సెట్ అద్దెకిచ్చేవాడు. అతను నడివయసులోనే పోయాడు. ఇక దుకాణం అమ్మేస్తుందని వీధిలో అందరూ అనుకున్నారు. ఆమె అమ్మలేదు. వెదురుకు లౌడ్‌స్పీకర్ హారన్ కట్టడం, తీగలు లాగడం, కాలిపోయిన ఫ్యూజు మార్చడం అన్నీ నేర్చుకుంది. ఆడది మైక్ సెట్ కట్టడమేమిటని నవ్వినవాళ్ళే తరవాత ముహూర్తం కుదరగానే ముందు ఆమె దగ్గరికి వచ్చి తేదీ చెప్పిపోయేవాళ్ళు. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తూ దుకాణమున్న వరసంతా కొట్టేశారు. మోకాళ్ళు కూడా మొరాయిస్తున్నాయి. కూతురు కలైసెల్వి వచ్చి, "ఇంక చాలమ్మా, మా ఇంటికి వచ్చేయి" అన్నది. హారన్లు, పెట్టెలు, తీగలు అన్నీ తన దగ్గర పనిచేసినవాళ్ళకే ఇచ్చేసి, ఈ వాల్వు ఆంప్లిఫయర్‌నూ ఒక చిన్న స్పీకరునూ రికార్డు ప్లేయరునూ కొన్ని ప్లేట్లనూ మాత్రం ఉంచుకుంది.

అల్లుడింట్లో ఉండబోతున్నానన్న బెరుకు ఆమెకు దారి పొడుగునా ఉంది. రాఘవేంద్రన్ మంచివాడే. విరుదునగర్‌లో ఒక పప్పు మండీలో లెక్కలు చూస్తాడు, పెద్దగా మాట్లాడడు. మాట్లాడనివాడి మనసులో ఏముందో ఎవరికి తెలుసు. ఎవరికీ అడ్డం రాకుండా ఒక మూల ఉండిపోవాలని ఆమె ముందే అనుకుంది.

దిగేసరికి అతను వాకిట్లోనే ఉన్నాడు. పెట్టెను తనే అందుకుని లోపలికి తీసుకుపోయాడు. హాల్లో కొత్తగా చేయించిన షోకేసు ఉంది, జారుడు అద్దాలతో, లోపల చిన్న దీపాలతో. దాని నడిమి అరలో ఉన్న తను కాలేజీ ఆటల్లో గెలిచిన కప్పులన్నీ తీసేసి అతను ఖాళీ చేసి పెట్టాడు.

"అత్తా, దీనికి ఈడ చోటు చేసినాను. దుమ్ము పడదు, పిల్లి పోదు. అద్దం మూసేస్తే సరి."

కప్పులు తీసి తన పెట్టెకు చోటిచ్చాడన్న సంతోషంలో మాయక్కాళ్ ఇంకేమీ ఆలోచించలేదు.

సాయంత్రం కలైసెల్వి స్పీకరు తగిలించింది, నాదస్వరం ప్లేటు వేశారు. వాల్వుల్లో నారింజ రంగు వెలుగు నెమ్మదిగా లేచింది. కొత్త ఇంట్లో పాత శబ్దం నిండింది. రాఘవేంద్రన్ కళ్ళు మూసుకుని వింటున్నాడు. మాయక్కాళ్ వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ, ఇంతమాత్రం మర్యాద చాలు అనుకుంది.

రెండో ప్లేటు సగంలో ఉండగా కలైసెల్వి ముక్కు ఎగబీల్చింది. "ఏమో కాల్తా ఉండాది."

రాఘవేంద్రన్ లేచి అద్దం జరిపాడు. పొయ్యి మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది. ఆంప్లిఫయర్‌కు పైనున్న అర కిందివైపు అప్పడంలా ఉబ్బింది. ఆ అర మీదున్న ప్లాస్టిక్ పెళ్ళిజంట బొమ్మలో పెళ్ళికొడుకు నడుము దగ్గర మెత్తబడి ముందుకు వాలిపోయాడు. మాయక్కాళ్ చేతిలో చిక్కుడుకాయలు అట్లాగే పారేసి వచ్చి ప్లగ్గు లాగింది.

రాఘవేంద్రన్ బొమ్మను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"సూడండత్తా, మాప్పిళ్ళ ఒంగి పెళ్ళికూతురి కాళ్ళకు దండం పెట్టుతుండాడు. న్యాయంగానే ఉండాది."

కలైసెల్వి నవ్వింది. మాయక్కాళ్‌కు నవ్వు రాలేదు. వచ్చి ఇంకా పెట్టెబేడా కూడా సర్దుకోలేదు, అప్పుడే కొత్త షోకేసు పాడుచేసింది. సెట్ అద్దెకిచ్చే రోజుల్లో ఎవరి పందిట్లోనూ ఆమె వల్ల ఒక గుడ్డపేలిక కూడా కాలలేదు.

"దీన్ని మా ఊరి వెల్డింగు చెల్లదురైకి ఇచ్చేస్తాను" అన్నది. "వాని షెడ్డులో ఉంటుంది. ఇంటికి ఇది పనికిరాదు."

"ఇన్నాళ్ళూ ఇది కాగలేదా అమ్మా?" అని కూతురు అడిగింది.

కాగకేం. మార్గళి నెల చలిలో, తెల్లవారుజాము భజనల్లో పనివాళ్ళు దాని మీద చేతులు కాచుకునేవాళ్ళు. కాని పందిట్లో అది బెంచి మీద ఉండేది. నాలుగు పక్కలా, పైన ఆకాశం దాకా గాలే. వేడి ఎటు పోతుందని ఆలోచించాల్సిన అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు. ఆ మాటే చెప్పింది.

"అయితే మనమే ఆలోచన చేస్తాము" అన్నాడు రాఘవేంద్రన్. "ఇచ్చేది గిచ్చేది వద్దు."

ఆ వారమంతా ఇంట్లో ఇదే పని. అతను మండీ నుంచి రాగానే పెట్టె ఒక చోటు మారేది. ఫ్రిజ్ మీద పెట్టి చూశారు. ఫ్రిజ్జే వెనకనుంచి వేడి వదులుతుంది, పైగా మోటారు ఆడినప్పుడల్లా పెట్టె వణికింది. కిటికీ గట్టు మీద పెడితే గాలి బాగానే తగిలింది కాని, కర్టెన్ ఎగిరి వచ్చి పెట్టె మూతకు చుట్టుకుంది. వాన వస్తే జల్లు కూడా ఆ గట్టు మీదే పడుతుంది. నేల మీద పెడదామంటే కలైసెల్వి ఒప్పుకోలేదు. "నేను తడిగుడ్డ పెట్టేటప్పుడు కరెంటు కొట్టి సావాలా?" అన్నది. చివరికి టీపాయి మీద పెట్టారు. అక్కడ అంతా కుదిరినట్టే అనిపించింది. ఒక పాట అయ్యేలోగా ఇంటి పిల్లి వచ్చి, వేడి పోయే చిల్లుల మూత మీద పొట్ట ఆనించి, ముడుచుకుని పడుకుంది. దింపితే మళ్ళీ ఎక్కింది. కాసేపటికి దాని బొచ్చు కమురు వాసన కొట్టింది, అప్పుడు కూడా అది దిగనని గునిసింది.

మాయక్కాళ్ ఇదంతా చూసి మనసులో ఒక నిర్ణయానికి వచ్చింది. పెరటి వసారాలో నీళ్ళ డ్రమ్ము పక్కన ఒక మూల ఖాళీగా ఉంది. ఇనప పీట ఒకటి చేయించి అక్కడ వేస్తే ఎవరికీ అడ్డం ఉండదు. తనకూ పెరట్లో కూర్చోవడం బాగానే ఉంటుంది. ఆదివారం కోవిల్‌పట్టి పోయి చెల్లదురైకి చెప్పి వస్తానన్నది. నేనూ వస్తానని రాఘవేంద్రన్ చొక్కా తొడుక్కున్నాడు.

చెల్లదురై వెల్డింగు షెడ్డు బస్టాండుకు దగ్గరే. మాయక్కాళ్‌కు హారన్ స్టాండ్లన్నీ చేసిపెట్టింది అతనే. ఆమెను చూడగానే ముసుగు పైకి తోసి, "రా అక్కా, నువ్వు లేక మా వీది మూగబోయింది" అని స్టూలు తుడిచి వేశాడు. పక్కనున్న మిఠాయి కొట్లోంచి వేడి బెల్లంపాకం వాసన వస్తోంది. మాయక్కాళ్ సంగతంతా చెప్పి, మోకాలెత్తు పీట కావాలన్నది, పైన రేకు కొడితే చాలన్నది.

"వసారాలో మూలకు. దానికి అది చాలు."

"వసారాలోకి కాదు" అన్నాడు రాఘవేంద్రన్. చెల్లదురైతోనే అన్నాడు కాని, చూపు అత్త మీద ఉంది. "హాల్లోకి. వాకిలికి ఎదురుగా. వచ్చేవాళ్ళకు కనపడాల. నడుమెత్తు ఉండాల, అత్త ఒంగకుండా మీట తిప్పేటట్ల."

"వద్దు మాప్పిళ్ళ. మీ ఇంటికి మండీవాళ్ళు, ఎవరెవరో వస్తారు. ఈ పాతపెట్టె ఎదురుగా ఎందుకు?"

"వస్తే ఏమి? మా అత్తదని చెప్తాను. నా పెళ్ళికి మైకు కట్టింది దీంతోనే కదా."

మాయక్కాళ్ తల వంచుకుంది. ఆ పెళ్ళి సంగతి ఎవరైనా ఎత్తితే ఆమెకు ఇప్పటికీ సిగ్గే. సరిగ్గా తాళి కట్టే సమయానికి మైకు ఊళపెట్టింది. పెళ్ళికూతురి తల్లి అయివుండి, గుప్పిట్లో అక్షతలతో, పట్టుచీర ఎగదోపుకుని ఆమె మంటపం దిగి పరుగెత్తింది. మీట తగ్గించి, తీగ సరిచేసి తిరిగి వచ్చేసరికి వియ్యాలవారంతా తననే చూస్తున్నారు. తల ఎత్తలేక, అటు చూడకుండానే అక్షతలు విసిరింది. ఆ చూపులు ఆమె మరిచిపోలేదు.

"మీకు ఆ పొద్దు తలవంపులు తెచ్చినాను" అన్నది మెల్లగా.

"తలవంపులా?" రాఘవేంద్రన్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేను తాళి పట్టుకుని మీకోసరం కాసుకుని ఉండాను. మంత్రాలు చదివే అయ్యరు తొందర చేస్తే, అత్త రానీ అన్నాను. మీరు వచ్చి అక్షతలు వేసినాకనే కట్టినాను. మీకు తెలీదా?"

ఆమెకు తెలియదు. ఆ గాబరాలో ఎవరు ఏమన్నదీ ఆమె చెవికి ఎక్కలేదు. ఇన్నేళ్ళూ తను లేనప్పుడే తాళి కట్టేశారని, ఆ క్షణం తను చూడలేకపోయిందని లోపల దిగులుపడుతూనే ఉంది. ఇప్పుడు ఆలోచిస్తే, చేతిలో అక్షతలు విసిరిన వెంటనే మేళం జోరెత్తడం గుర్తొచ్చింది. అవును, ఆ మేళం తను వచ్చాకనే వాయించారు. ఆమె చీరకొంగుతో మొహం తుడుచుకుంది. చెల్లదురై చూడనట్టు ఇనపకడ్డీలు ఏరుతూ నిలబడ్డాడు.

"నాలుగు కాళ్ళు, రెండు అరలు, వెనక రేకు కొట్టి రంగేస్తే శానా అందంగా ఉంటుంది" అన్నాడు ఒక కడ్డీ ఎత్తి చూపిస్తూ.

"వెనక ఏమీ వద్దు" అన్నది మాయక్కాళ్. గొంతు మారింది. అది పనివాళ్ళకు పని చెప్పే గొంతు. "పక్కల కూడా వద్దు. పైన రేకు కాదు, పట్టీలు వెయ్యి, నడుమ నడుమ ఏలు పట్టే సందు ఉండనీ. కింద నుంచి కూడా గాలి రావాల. కాళ్ళకు రబ్బరు తొడుగు, అదరకూడదు. పైన ఇంకొక అర వద్దే వద్దు."

"పిల్లి?" అన్నాడు రాఘవేంద్రన్.

చెల్లదురై గడ్డం గోక్కున్నాడు. "కోడిగంప మాదిరి జల్లెడ తీగతో గూనగా ఒక మూత చేస్తాను. పెట్టెకు జానెడు ఎత్తులో నిలబడుతుంది, వేడి పోతుంది. పిల్లి ఎక్కితే జారాల్సిందే."

కొలతలు ముగ్గురూ కలిసి చెప్పుకున్నారు. బరువుకు పట్టీలు వంగకుండా మందం ఎంతుండాలన్న దాని మీద అత్తా అల్లుడూ వాదించుకున్నారు కూడా. చివరికి చెల్లదురై రెండు పట్టీల మీద తనే ఎక్కి నిలబడి చూపించాడు.

తరవాతి ఆదివారానికి స్టాండు ఇంటికి వచ్చింది. గోడకు మూరెడు ఎడంగా నిలబెట్టారు. కలైసెల్వి కర్టెన్‌ను అవతలి కిటికీకి మార్చింది, వెనక గోడకున్న కేలండరు తీసేసింది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్తు సరిగా ఉందో లేదో చూసి, మూడు పిన్నుల ప్లగ్గు పెట్టిపోయాడు. రాఘవేంద్రన్ పెట్టెను ఎత్తి పట్టీల మీద దించాడు. మాయక్కాళ్ ఒంగకుండానే మీట తిప్పింది.

మధ్యాహ్నమంతా పాడించారు. మధ్యమధ్య ముగ్గురూ వంతులేసుకుని వచ్చి గోడకు చెయ్యి ఆనించారు, కింద అర తాకి చూశారు. గోడ చల్లగానే ఉంది. పెట్టె పైన చెయ్యి చాపితే వేడి సన్నగా తగిలి పైకి పోతోంది, ఎక్కడా నిలవడం లేదు. పిల్లి ఒకసారి తీగమూత మీదికి దూకి, కాలు నిలవక కిందికి జారి, ఎవరూ చూడలేదన్నట్టు తోక ఎత్తుకుని రాఘవేంద్రన్ కుర్చీలోకి పోయి పడుకుంది.

పక్కింటి రాజాత్తి గేటు దగ్గరికి వచ్చి లోపలికి తొంగి చూసింది. ఇంట్లో ఏమి విశేషమని అరవంలో అడిగింది.

"విశేషమేమీ లేదు, మా అత్తది, వాల్వు సెట్టు" అని రాఘవేంద్రన్ చెప్పాడు. "లోపలికి వచ్చి వినండి."

రాజాత్తి చెప్పులు విడిచి వచ్చి, స్టాండు చుట్టూ తిరిగి, గాజుగొట్టాల్లో వెలుగును నోరు తెరిచి చూసింది. తన పెళ్ళిలో కూడా ఇట్లాంటి పెట్టే ఉండేదని, అప్పుడు దాని పక్కకు ఎవరినీ రానిచ్చేవాళ్ళు కాదని చెప్పింది. మాయక్కాళ్ జరిగి చాప మీద ఆమెకు చోటిచ్చింది. ఏ ఊళ్ళో పెళ్ళి, మైక్ సెట్ ఎవరిది అని అడిగింది. ఇద్దరూ ఊళ్ళ పేర్లు చెప్పుకుంటూ పోతుంటే, కలైసెల్వి కాఫీకి పొయ్యి మీది గిన్నెలో పాలు ఇంకొంచెం ఎక్కువ పోసింది.