మర్యాద మాడ్యూలు

కొత్తపేటలో మాణిక్యాలరావు గారి వివాహ సమాచార కేంద్రానికి వెబ్‌సైటు ఉందంటే, 2006లో అది చిన్న సంగతి కాదు. రావులపాలెంలోని పోటీ కేంద్రం వాళ్ళు ఇంకా గోడల మీద సున్నంతో రాయించుకుంటున్నారు. ఈ సైటు కట్టింది, దాని సర్వరుకు జ్వరం వస్తే మందు వేసేది బాబ్జీ. ఎంసీఏ చదివి కూడా ఊరు కదలలేదని బంధువులు సణిగేవారు గానీ, అతనికి ఆ చింత లేదు. తను రాసిన ప్రోగ్రాములంటే అతనికి మురిపెం. అందులో ఒకదాని మీదైతే మరీను.

మామూలుగా ఏ సైటులోనైనా లేని పేజీ అడిగితే సర్వరు మొహం మీద కొట్టినట్టు "దొరకలేదు" అంటుంది. మాణిక్యాలరావు గారికి అది బొత్తిగా నచ్చలేదు.

"గుమ్మంలోకొచ్చినోళ్ళని లేదు పొమ్మంటామేంటయ్యా? కాస్త మర్యాదగా చెప్పించు" అన్నారు.

బాబ్జీ కూర్చుని, సర్వరుకు తగిలించే చిన్న ప్రోగ్రాము ఒకటి రాశాడు. మాడ్యూలు అంటారు దాన్ని. ఎవరు ఏ పేరు అడిగినా అది ఆ పేరే తిరిగి పలికి, "తమరు అడిగిన ఫలానా వారి వివరాలు ప్రస్తుతానికి లేవండి, రాగానే మనవి చేస్తామండి" అనేది. ఎవరో సరదాకి పూతరేకులు అని కొడితే, పూతరేకుల వారికీ అదే మర్యాద జరిగింది. బాబ్జీ ఆ పేజీని నలుగురికీ చూపించి మరీ పొంగిపోయాడు.

ఆ పొంగు మీద నీళ్ళు చల్లింది పలివెల ధర్మరాజు గారు. కొబ్బరితోటల ఆసామి. ఆయన కూతురు పద్మశ్రీకి ఈ కేంద్రమే రాజోలు సంబంధం చూసింది. పెళ్ళికొడుక్కి మస్కట్‌లో ఉద్యోగం. ఇహ తాంబూలాలు పుచ్చుకోవడమే తరువాయి. ధర్మరాజు గారు వచ్చి కూర్చున్నారు, కాఫీ చివరి బొట్టుదాకా తాగారు, మాణిక్యాలరావు గారి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో కనుక్కున్నారు. ఆ తరువాత చల్లగా అన్నారు.

"మా అమ్మాయికి వేరే సంబంధం కుదిర్చేరంట కదండీ. మాకూ ఓ శుభలేఖ పడేస్తే, మేమూ వస్తామండి పెళ్ళికి."

మాణిక్యాలరావు గారికి కుర్చీలో ముళ్ళు మొలిచాయి. కూపీ లాగితే తేలిందేమిటంటే, మస్కట్‌లోని పెళ్ళికొడుక్కి ఈ కేంద్రం పేరుతో ఒక ఈమెయిలు వెళ్ళింది. అందులో ఉన్న లింకు నొక్కితే సాక్షాత్తూ ఈ కేంద్రం పేజీయే తెరుచుకుంది. దాని మీద "పద్మశ్రీ గారికి వేరొక చోట సంబంధం కుదిరినది" అని ఉంది. పెళ్ళికొడుకు తండ్రి వీరవెంకటరమణ గారు అప్పటికే ధర్మరాజు గారికి ఫోన్ చేసి, "చాలా సంతోషమండి" అని పెట్టేశారు. ఆ మాటకు సంబంధం తెగిందనే అర్థమని కోనసీమలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

"నేనేమీ రాయలేదండి, ఒట్టు!" అన్నాడు బాబ్జీ.

"ఆ మాట మన సైటుది కాదని రుజువు చేస్తే సంబంధం నిలబడుద్ది. లేపోతే ఆడపిల్ల పెళ్ళి చెడగొట్టిన పాపం మనదే" అన్నారు మాణిక్యాలరావు గారు. శుక్రవారం ధర్మరాజు గారు రావాలి, రుజువు చూడాలి, అక్కడి నుంచే వీరవెంకటరమణ గారితో మాట్లాడాలి. అలా ఒప్పందం కుదిరింది.

బాబ్జీ ఆ ఈమెయిలు తెప్పించుకుని లింకు చూశాడు. ముందు తమ కేంద్రం చిరునామాయే, దాని వెనకాల పేరు ఉండాల్సిన చోట చాంతాడంత గజిబిజి రాత. చూడగానే అతని మొహం వాడిపోయింది. తప్పు తన ముద్దుల మాడ్యూలుదే.

పెళ్ళిలో చదివింపులు మైకులో చదువుతారు కదా. చీటీ మీద "ఫలానా వారు, వెండి గిన్నె" అని ఉంటే అదే చదువుతారు. ఎవడో తుంటరి చీటీ మీద "అన్నాలు అయిపోయాయి, అందరూ వెళ్ళిపోండి" అని రాసిస్తే, చదివేవాడు అమాయకంగా అదీ చదివేస్తే, మైకు పెళ్ళివారిది కాబట్టి జనం నమ్మి లేచిపోతారు. ఇక్కడా అదే జరిగింది. ఎవరో పేరుకు బదులు కంప్యూటరుకు అర్థమయ్యే ఆజ్ఞలు రాసి పంపారు. మాడ్యూలు వాటినీ వినయంగా తిరిగి పలికింది. చూసేవాడి కంప్యూటరు అవి కేంద్రం వారి మాటలే అనుకుని, చెప్పినట్టల్లా చేసింది.

పోనీ ఆ ఒక్కచోటేనా అని వెతికితే, పేర్లు గాలించే మాడ్యూలులోనూ, ఫోటోలు చూపించే మాడ్యూలులోనూ ఇదే మర్యాద. బాబ్జీ తనను తాను తిట్టుకుంటూ మూడింటినీ విప్పి కూర్చున్నాడు. తిరిగి పలకడం మానేయించి, మొరటుగా "దొరకలేదు" అనిపిస్తే పని చిటికెలో అయిపోతుంది. దానికి అతనికి మనసు ఒప్పలేదు. చివరికి, వచ్చిన మాటల్లో ఆజ్ఞలకు ప్రాణం పోసే గుర్తులన్నిటినీ ఉత్త అక్షరాలుగా మార్చి, అప్పుడు పలికేలా దిద్దాడు. మర్యాద చెక్కుచెదరలేదు, ముప్పు పోయింది. బాబ్జీకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

శుక్రవారం ధర్మరాజు గారు స్కూటరు మీద వచ్చారు. వెనక పద్మశ్రీ. రావులపాలెంలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతుంది.

"తనూ చూస్తానని పట్టుబట్టిందండి" అన్నారాయన.

బాబ్జీ ముందు పాత మాడ్యూలుతో అదే లింకు తెరిచాడు. పేజీ నిండా ఆ పాడుమాట. తరువాత కొత్తది పెట్టి తెరిచాడు. చాంతాడంత గజిబిజి రాత తెర మీద ఉన్నదున్నట్టు పడింది, దాని పక్కనే "లేవండి, మనవి చేస్తామండి" అనే వినయం. అంతే.

"చూసేరా అండీ!" అన్నాడు బాబ్జీ ఛాతీ విరుచుకుని. "ఇంక ఎవరేం చెప్పినా వింటుంది. వాళ్ళ మాటే ఎంతో గౌరవంగా తిరిగి చెబుతుంది. కానీ దాని ప్రకారం వీసమెత్తు పనైనా చెయ్యదండి."

"అచ్చం మా నాన్నగారిలాగన్నమాట" అంది పద్మశ్రీ.

మాణిక్యాలరావు గారు నవ్వబోయి ఆగిపోయారు. ఆ పిల్ల నవ్వడం లేదు.

"ఆ లింకు పంపింది నేనేనండి బాబ్జీగారూ. మా పిల్లలకి పాఠం చెబుతుంటే మీ పేజీలో చిల్లు కనపడింది. తప్పేనండి, మీకు మాటొచ్చింది." ఆమె తండ్రి వైపు తిరిగింది. "పెళ్ళయ్యాక నన్ను రాజోలులో అత్తగారి దగ్గరుంచి, ఆయన మస్కట్ వెళ్ళిపోతారంట. ఉద్యోగం మానెయ్యాలంట. నాకు ఇష్టం లేదని మీకు ఎన్నిసార్లు చెప్పేను నాన్నగారూ?"

"నీ ఇష్టం లేకుండా మేమేం చేస్తామమ్మా?" అన్నారు ధర్మరాజు గారు అలవాటు కొద్దీ.

"ప్రతిసారీ ఇదే అన్నారు. అన్నాక ముహూర్తాలు చూడ్డానికి వెళ్ళేరు."

బాబ్జీకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తను ఇన్ని రోజులు కష్టపడి మూసింది, ఈ పిల్ల మాట బయటికి వెళ్ళే ఒకే ఒక్క దారిని. ఆ సంగతి తెలిసి అతనికి నిజంగానే బాధ కలిగింది.

ఇంతలో ఫోన్ మోగింది. మాణిక్యాలరావు గారు ఎత్తి, "ఆయ్, ఉన్నారండి, ఇదిగో ఇస్తున్నానండి" అని, నిప్పు అందించినట్టు రిసీవరు ధర్మరాజు గారికి అందించారు.

"నమస్కారమండి వీరవెంకటరమణ గారూ. మీకు వానలెలా ఉన్నాయండీ? ఆయ్... మాకూ అంతేనండి." ఆయన తెర వైపు చూశారు. కూతురు చెప్పిన మాట అక్కడ అక్షరాలుగా పడి ఉంది. "అది కేంద్రం వాళ్ళు చెప్పింది కాదండి. అబద్ధమేనండి. వేరే సంబంధం ఏదీ లేదు." అవతలి నుంచి ఏదో సంతోషంగా వినపడింది. ధర్మరాజు గారు ఆ మాట మధ్యలోనే ఆపారు. "ఆగండి, ఆగండి. మా అమ్మాయికి ఈ సంబంధం ఇష్టం లేదండి. మాకు వద్దండి."

ఆ ముక్క అనడానికి ఆయన లేచి నిలబడాల్సి వచ్చింది. అవతలి గొంతు చాలాసేపు మాట్లాడింది. ఆయన దేనికీ అడ్డు చెప్పకుండా అంతా విని, "క్షమించండి, వద్దండి" అని మరోసారి అని ఫోన్ పెట్టేశారు.

పద్మశ్రీ గబగబా పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంది. ధర్మరాజు గారు స్కూటరు తాళం కోసం జేబులన్నీ తడుముకుని, గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగారు.

"రామ్మా, రావులపాలెంలో దింపేస్తాను. నీ క్లాసుకి ఆలస్యమైపోతోంది."