కిష్టమ్మ వెంట వచ్చిన అక్షరాలు

మాదాపూర్‌లో ఇళ్లకు కెమెరాలు అమ్మే ఒక కంపెనీ గేటు దగ్గర కిష్టమ్మ పని చేసేది. లోపలికెళ్లే ఆడవాళ్ల బ్యాగులు చూడటం ఆమె డ్యూటీ. మూసాపేటలో ఒంటి గది కిరాయికి తీసుకుని ఉండేది. పెనిమిటి పోయి పదకొండేళ్లయింది. పిల్లల్లేరు. పక్క గదుల్లో మనుషులు ముఖాలు గుర్తుపట్టేలోగానే ఖాళీ చేసి వెళ్లిపోయేవాళ్లు.

మధ్యాహ్నం పూట గేటు దగ్గర ఎవరూ ఉండరు. అప్పుడు విజిటర్ల రిజిస్టర్ వెనక పేజీల్లో ఏదో ఒకటి రాసుకునేది. ఒకరోజు ఇలా రాసింది:

పొద్దుగాల తాళం నేనే ఏసిన
మాపటికి నేనే తీసిన
నడుమ దినమంతా ఇంట్ల ఎవరున్నరు?

కంపెనీలో ప్రకటనలు చూసే ప్రశాంత్ కంట ఆ పేజీ పడింది. ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు. ఆమెను ఒక్క మాట అడగలేదు. పది రోజులకు ఆ మూడు పంక్తులూ ఫ్లైఓవర్ పక్కన పెద్ద హోర్డింగ్ ఎక్కాయి. కింద కెమెరా బొమ్మ, కంపెనీ పేరు.

ఆ సాయంత్రం బస్టాపులో కిష్టమ్మ తలెత్తి చూసింది. తన మాటలేనని గుర్తుపట్టి, బస్సెక్కింది. అక్షరాలు హోర్డింగ్ దిగి ఆ బస్సు వెనకే బయల్దేరాయి. ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యెత్తి బండ్లాపాడు.

"ఇంకెంతసేపన్నా?" అన్నాడో ఆటోవాలా.

"అక్షరాలు పోతున్నయ్, కనిపిస్తలేదా? జర ఆగు."

మూసాపేటలో అవి గుమ్మం దగ్గర వంగి, ముడుచుకుని లోపలికొచ్చాయి. కిష్టమ్మ చాప పరిచింది.

కంపెనీవాళ్లు మళ్లీ అచ్చు వేయించారు. మళ్లీ దిగి వచ్చేశాయి. మూడోసారి కూడా అదే జరిగాక ప్రశాంత్ ఒక కాగితం పట్టుకుని ఆమె గదికి వచ్చాడు. వెంట కంపెనీ లాయరు నవ్య ఉంది. ఇద్దరూ అక్షరాల మధ్య సర్దుకుని కూర్చున్నారు.

"దీని మీద సంతకం పెట్టండమ్మా. ఇక దిగి రావు. డ్యూటీ టైములో, మా రిజిస్టర్‌లోనే రాశారు కదా. ఎలాగూ మావే" అన్నాడు ప్రశాంత్.

నవ్య కాగితం అందుకుని చదివింది. "మీ పనేంటమ్మా?" అని అడిగింది.

"బ్యాగులు చూసుడు."

"ఇవి రాయమని ఎవరైనా చెప్పారా?"

"ఎవరు జెప్తరు బిడ్డా? ఏం తోస్తలేక రాసుకున్న."

నవ్య కాగితాన్ని మడిచి తన బ్యాగులో పెట్టేసుకుంది. "రిజిస్టర్ మనది ప్రశాంత్. మాటలు ఆమెవి. రాసిన క్షణం నుంచే ఆమెవి. దానికి ముద్ర అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వాడుకోవాలంటే ఆమె ఒప్పుకోవాలి. రేపు ఎవరికైనా అమ్ముకున్నా సరే, రాసింది నేనని చెప్పుకునే హక్కు ఆమెకే ఉంటుంది."

ప్రశాంత్ తల దించుకున్నాడు. "తప్పయిందమ్మా. అడగాల్సింది."

కిష్టమ్మ అక్షరాల వైపు చూసింది. ఉండమంటే ఉంటాయని ఆమెకు తెలుసు. ఈ నాలుగు రోజులూ గదిలో ఏదో అలికిడి ఉండేది.

"ఈడుంటే నేనొక్కదాన్నే చదవాలె" అంది చివరికి. "తీస్కపోండ్రి. కింద నా పేరు రాయుండ్రి. పెద్దగ."

నవ్య అక్కడే ఇంకో కాగితం రాసింది, ఈసారి కిష్టమ్మ చెప్పినట్టు. తెల్లారి అక్షరాలు వరసగా గడప దాటాయి. ఆమె యూనిఫాం మీది కార్డులోంచి పేరు కూడా దిగి వాటి వెనకే పోయింది.

పేరు లేని కార్డుతో డ్యూటీ కుదరదన్నాడు సూపర్‌వైజర్. రెండుసార్లు కొత్త కార్డు చేయించారు. రెండుసార్లూ పేరు దిగి హోర్డింగ్ దగ్గరికే వెళ్లింది. చేసేదేం లేక కంపెనీ ఆమెను గేటు నుంచి తీసేసి, రాసే పనికి ఒప్పందం చేసుకుంది. రాసిన ప్రతిదాని కిందా ఆమె పేరుండాలని అందులో నవ్య రాయించింది.

ఇప్పుడు కిష్టమ్మ సాయంత్రాలు ఆ బస్టాపుకు వచ్చి కూర్చుంటుంది. బస్సులొస్తాయి, పోతాయి. ఒకరోజు పక్కన నిలబడిన అమ్మాయి ఇయర్‌ఫోన్లు తీసి పైకి చూసింది. చదివింది. మళ్లీ చదివింది.

"ఎవరో కిష్టమ్మంట, అచ్చం నా రూమ్ గురించే రాసింది" అంది, ఎవరితో అంటున్నదో తనకే తెలియకుండా.

"నేనే" అంది కిష్టమ్మ.

ఆ అమ్మాయి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.