గేటుకు అడ్డంగా బొంతలు

చిట్టిని బడి వరండాలో నిలబెట్టి కంపెనీ డాక్టరు అడిగాడు: "నీ కుడిచెయ్యి ఏది?"

ఏడేళ్ల పిల్ల. ముందు రెండు చేతులూ చూసుకుంది. తర్వాత డాక్టరు మొహంలోకి చూసింది. అక్కడ జవాబు దొరకలేదు కాబోలు, రెండు చేతులూ ఎత్తేసింది. పక్కన కుర్చీలో ఉన్న సూపర్‌వైజరు పకపకా నవ్వాడు. డాక్టరు నవ్వలేదు. కాగితం మీద ముద్ర కొట్టి, "తర్వాత" అన్నాడు.

అలా ఏడుగురు పిల్లలు. ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు పట్టలేదు. సంతలో గొడ్డు పళ్లు చూసేవాడు అంతకంటే ఎక్కువసేపు చూస్తాడు.

చిట్టి నాయనమ్మ మెట్ల కింద నిలబడి ఇదంతా చూసింది. సీసం కరిగించే కంపెనీ వెనక కార్మికుల ఇళ్ల లైన్లలో ఆమెను అందరూ బొంతల పెద్దమ్మ అంటారు. అక్కడ ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా బొంత ఆమె కుట్టాల్సిందే. ముప్పై ఏళ్లుగా అదే రివాజు.

సూపర్‌వైజరు ఏడు కాగితాలూ పంచాడు. పంతులమ్మ చదివి చెప్పింది. ఈ బిడ్డకు పుట్టుకతోనే బుద్ధిమాంద్యం ఉంది. దీనికి కంపెనీకి ఏ సంబంధమూ లేదు. శుక్రవారం లోపు తల్లిదండ్రులు వేలిముద్ర వెయ్యాలి. పిల్లల్ని కంపెనీ దూరంగా ఒక హాస్టల్లో చేరుస్తుంది. వెయ్యనివాళ్లు గది ఖాళీ చెయ్యాలి.

పుట్టుకతోనేనట! రెండేళ్లప్పుడు చిట్టి లైన్లలో ప్రతి గడపా ఎక్కి అందరినీ వరసలు పెట్టి పిలిచేది. నాలుగో ఏడు వచ్చేసరికి మాటలు ఒక్కొక్కటే జారిపోయాయి. ఇప్పుడు పొద్దున నేర్చిన అక్షరం సాయంత్రానికి ఉండదు. ఉన్నట్టుండి కడుపు పట్టుకుని ఏడుస్తుంది.

ఆ సాయంత్రం అందరూ కుళాయి దగ్గర చేరారు. చిట్టిని చంకనేసుకుని పెద్దమ్మ కోడలు, చిట్టి తల్లి, వచ్చింది. అందరికంటే ముందు కొలిమి మేస్త్రీ నోరు తెరిచాడు.

"వేసేద్దాం. గది పోతే ఎక్కడుంటాం? హాస్టల్లో తిండైనా పెడతారు."

"నీ కొడుకుని పంపిస్తావా అయితే?" కోడలు గయ్యిమంది. "పుట్టుకతో అలా పుట్టినా నా బిడ్డ నా బిడ్డే. దానికి నేనేం సిగ్గుపడను. కానీ అబద్ధానికి వేలిముద్ర మాత్రం వెయ్యను."

"పొగ వల్లే అంటావా?" అడిగాడు మేస్త్రీ.

"పొగైతే ఆఫీసర్ల క్వార్టర్ల మీదికీ పోతుందిగా?" అంది పంతులమ్మ. "అక్కడి పిల్లలూ నా దగ్గరే చదువుతున్నారు. ఒక్కడికీ ఇలా లేదు. ఏడుగురూ ఈ లైన్ల వాళ్లే. ఆ ఇళ్లల్లో లేనిది ఈ ఇళ్లల్లో ఉన్నదేంటో అదే ఆలోచించండి."

ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. నీళ్లన్నారు, గాలన్నారు, ఖర్మ అని కూడా ఒకడన్నాడు. పెద్దమ్మ మాత్రం చిట్టినే చూస్తోంది. పిల్ల తల్లి భుజం మీద వాలి, చుట్టుకున్న బొంత అంచు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. పుట్టినప్పటి నుంచీ అదే అలవాటు. ఆ బొంత లేకపోతే నిద్ర పోదు.

ఆ ఇళ్లల్లో లేనిది! పెద్దమ్మ చూపు బొంత మీదే ఆగిపోయింది.

బిడ్డ పుట్టిన ఇంటికి కంపెనీ పది ఖాళీ సంచులు కానుకగా ఇస్తుంది. సీసం పొడి వచ్చే మెత్తటి గుడ్డ సంచులవి. పెద్దమ్మ వాటిని మూడుసార్లు ఉతికి, ఎండబెట్టి, బొంత కుడుతుంది. అంతేకాదు. కళ్లు మందగించేదాకా గోదాములో ఆమె పని కూడా ఆ సంచులతోనే. పంచేముందు ప్రతి సంచి మూతికీ ఉండే, అక్షరాలు అచ్చేసిన పట్టీని కత్తిరించాలి. "కంపెనీ గుర్తులవి, బయటికి పోకూడదు, కాల్చెయ్" అనేవాడు సూపర్‌వైజరు. ఆమెకు చదవడం రాదు. మంచి గుడ్డ కాల్చడానికి చెయ్యి రాలేదు. పట్టీలన్నీ ఇంటికి తెచ్చి, మెత్తగా ఉంటాయని బొంతల మధ్యలో కూరేది.

"అమ్మాయ్, బొంత ఇలా ఇవ్వు" అంది.

అందరూ చూస్తుండగానే కుట్లు విప్పింది. చిట్టి ఏడుపు లంకించుకుంది. బొంత కడుపులోంచి పట్టీలు బయటపడ్డాయి. పంతులమ్మ ఒకటి దులిపి చదివింది.

"విషపదార్థం. ఈ సంచులు ఇళ్లల్లో వాడరాదు. పిల్లలకు దూరంగా ఉంచాలి."

కుళాయి కింద బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ కట్టెయ్యలేదు.

"నువ్వేనా ముసలీ?" మేస్త్రీ ముందుకొచ్చాడు. "నా కొడుక్కీ నువ్వే కుట్టావు కదే!"

"నేనే కుట్టాను నాయనా."

"చెప్పకండి, ఎవరికీ చెప్పకండి" అన్నాడొకడు. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. రేపు కంపెనీ వాళ్లు నేరం ఈమె మీదికే తోసేస్తారు."

"తొయ్యనీ" అంది పెద్దమ్మ. "సూది పట్టింది నేనే, కాదనను. పట్టీ కొయ్యమన్నదెవరో కూడా నేనే చెప్పాలి. నేను చెప్పకపోతే ఈ ఏడుగురూ పుట్టుకతోనే ఇలా పుట్టినట్టు."

కోడలు వెనక్కి తిరిగింది. పిల్లను ఎత్తుకుని వెళ్లిపోయింది. తర్వాత రెండు రోజులూ అత్తతో ఒక్క మాట లేదు. అత్త పెట్టిన అన్నం ముట్టలేదు.

శుక్రవారం లైన్లు మొత్తం ఆఫీసు ముందు చేరాయి. కోడలు కూడా వచ్చింది, దూరంగా నిలబడింది. పెద్దమ్మ లోపలికి వెళ్లి బొంతను సూపర్‌వైజరు బల్ల మీద పరిచింది.

అతను తేలు కుట్టినట్టు లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "తియ్! ముందు అది బయట పారెయ్!" అని జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు!

"పిల్లలు పడుకునే బొంత బాబూ. మీకెందుకంత భయం?" అంది పెద్దమ్మ, పట్టీ అతని ముందు పెట్టి. "ఇవి కొయ్యమన్నది మీరు కాదా?"

కిటికీల దగ్గర గోల మొదలైంది. సూపర్‌వైజరు ఫోను తీశాడు. ఎంతసేపో కాలేదు, పోలీసులు దిగారు. ఇన్‌స్పెక్టరు అడిగింది ఒకే ప్రశ్న: "కుట్టిందెవరు?"

"నేనే."

"పిల్లలకి విషం పెట్టిన కేసు. జీపెక్కు."

"సంచి ఇచ్చిందెవరో అడగండి సార్!" కిటికీలోంచి మేస్త్రీ అరిచాడు. "ఆమె పట్టింది సూదే. విషం పంచిందెవరు?"

ఇన్‌స్పెక్టరు ఆ మాట రాసుకోలేదు. పెద్దమ్మను జీపులో కూర్చోబెట్టి పంచనామా రాయడానికి గంట తీసుకున్నాడు. ఆమె కోడలి కోసం చూసింది. కోడలు కనిపించలేదు. ఇంకేం చూస్తుంది నా మొహం అనుకుంది.

జీపు కదిలి గేటు దగ్గర ఆగిపోయింది.

గేటు నిండా బొంతలు. నీలం అంచువి, ఎర్ర అంచువి, ప్రతి కుట్టూ ఆమె చేతిదే. మూతికి గుడ్డలు కట్టుకుని ఆడవాళ్లు ఇంకా తెస్తున్నారు. అందరికంటే ముందు కోడలు. మేస్త్రీ తన కొడుకు బొంతను అన్నిటికంటే పైన వేశాడు.

"లాగెయ్యండ్రా!" ఇన్‌స్పెక్టరు కేకేశాడు. కానిస్టేబుళ్లు ముందుకు దూకారు.

"ఉత్త చేతులతో ముట్టుకోకండి!" సూపర్‌వైజరు వెనకనుంచి గావుకేక పెట్టాడు.

ఆ మాట గేటు అవతల అందరికీ వినిపించింది.

గోదాము తెరిచి పెట్టెలు తెచ్చారు. నిండా కొత్త గ్లౌజులు. ముప్పై ఏళ్లు కార్మికులు అడిగితే స్టాకు లేదన్న గ్లౌజులు. కానిస్టేబుళ్లు ఒక్కొక్కరే తొడుక్కున్నారు.

"అత్తా!" రెండు రోజుల తర్వాత కోడలు మొదటిసారి పిలిచింది. "వాళ్ల చేతులు చూడత్తా!"

పెద్దమ్మ చూసింది. తర్వాత ఒళ్లో పడున్న తన చేతులు చూసుకుంది.

షిఫ్టు సైరను కూసింది. లోపలికి ఎవరూ రాలేదు. గ్లౌజుల చేతులు బొంతల జోలికి పోలేదు, ముందు లాఠీలు అందుకున్నాయి. గేటు అవతల ఒక్కరూ కదల్లేదు.