గోడకంటించిన పద్నాలుగు నియమాలు

దేవదానం అయివారిది ముత్యాల్లాంటి దస్తూరీ. ముప్పై ఏళ్లు జమ్మలమడుగు మిషను బడిలో పిల్లల చేత అక్షరాలు దిద్దించిన చెయ్యి మరి. అదే కోడిగీకుడు రాత అయ్యుంటే ఆ కాగితాన్ని ఎవరూ చదివేవాళ్లు కారు, ఇంత గొడవా జరిగేది కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్లు కూడా నిండలేదప్పటికి. బడి నుంచి రిటైరై, పొద్దు గడవక, ఆయన ప్రొద్దుటూరులో మూడు రోజుల ప్రార్థన కూటాలకు వెళ్లాడు. ఎక్కణ్ణుంచో వచ్చిన ప్రసంగీకుడు పరిశుద్ధత గురించి గొంతు పోయేలా అరిచాడు. విన్నవాళ్లందరూ భోజనాలు చేసి ఇళ్లకు పోయారు. దేవదానం మాత్రం తిరుగు బస్సులోనే నియమాలు కట్టడం మొదలుపెట్టాడు. ప్రొద్దుటూరు రోడ్డు అతుకుల మీద బస్సు ఎగిరినప్పుడల్లా ఒక కొత్త నియమం తట్టింది. గాజులు వద్దు, పూలు వద్దు, వక్కాకు వద్దు, నశ్యం వద్దు. సినిమా హాలు గడప తొక్కరాదు. సంస్కారం తీసుకునే రోజున ఆడవాళ్లు తెల్లచీరే కట్టాలి. ఆఖరిది, పద్నాలుగోది, అన్నిటికంటే ఘనమైనది: పండగనాడు నిద్ర లేచింది మొదలు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం సంస్కారంగా తీసుకునేదాకా ప్రార్థన తప్ప ఒక్క మాటా నోట రాకూడదు.

పాదిరిగారు నాలుగు ఊళ్లకు ఒక్కరే. నెలకోసారి వచ్చిపోతారు. మిగతా రోజుల్లో సంఘపెద్దగా దేవదానం చెప్పిందే వేదం. కాగితాన్ని పిండి జిగురుతో గుడి గోడకు అంటించి, పాటించనివాళ్లకు ఈస్టరు సంస్కారం లేదని ప్రకటించాడు. ఆడవాళ్లు చదివి ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. "ముందు అయివారి పెండ్లాన్ని కట్టమను తెల్లచీర, ఆ పైన సూస్తాం" అనుకుని చల్లగా జారుకున్నారు.

ఎదురు నిలిచి మాట్లాడింది సుందరమ్మ ఒక్కతే. ఆసుపత్రిలో ఆయా ఆమె. యాభై దాటిన మనిషి. రెండు చేతుల నిండా ఆకుపచ్చ గాజులున్నాయి.

"ఇవి సింగారానికి ఏసుకున్నవి కాదు అయివారా. గాజుల గులాబ్‌బీ బిడ్డ షాహీదాబీ కాన్పుకు రెండు దినాలు పక్కన కూర్చుంటి. తల్లీ బిడ్డా బతికిరి. గులాబ్‌బీ ఏడుస్తా తొడిగింది. 'నా చేత్తో తొడిగినా, నా చేత్తోనే తీస్తా, అంతవరకూ ముట్టుకోవద్దు' అని మాట తీసుకునింది. ఆ మాట తప్పితే పరిశుద్ధురాలినైపోతానా?"

"నియమమంటే నియమం సుందరమ్మా. గాజులతో వస్తే నీకు బల్ల లేదు."

ముప్పై ఏళ్లలో సుందరమ్మ ఒక్క సంస్కారమూ తప్పింది లేదు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"సరేలే. గడప బయట నిలబడి పాట పాడుకుంటా" అని వెళ్లిపోయింది.

ఆ పూట దేవదానానికి సంగటి సహించలేదు. అయినా తాను మెత్తబడనందుకు లోలోపల కాస్త గర్వంగానే ఉంది. భార్య కరుణమ్మ పళ్లెం తీస్తూ నెమ్మదిగా అంది: "అందరికంటే ముందు నేనే తెల్లచీర కడతాలే. పద్నాలుగూ పాటిస్తా. ఆ తర్వాత ఏమైనా నన్ను అనొద్దు."

ఈస్టరుకు ముందురోజు దేవదానం పాదిరిగారిని తీసుకురావడానికి పులివెందుల వెళ్లాడు. సాయంత్రానికి రావలసిన బస్సు దారిలో మొరాయించింది. ఇద్దరూ ముద్దనూరులో తలదాచుకుని, ఆదివారం పొద్దున్నే మొదటి బస్సు పట్టుకున్నారు. పాదిరిగారు గుడి దగ్గర దిగిపోయారు. స్నానం చేసి వస్తానని దేవదానం ఇంటిదారి పట్టాడు. ఒళ్లంతా ఎర్రదుమ్ము. తలకు, మొహానికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

వీధి మలుపు తిరగ్గానే ఏడుపులు వినిపించాయి. తన ఇంటి ముందు వీధంతా జనం. కరుణమ్మకేమైనా అయిందా? వెనక నిలబడ్డ దర్జీ కరీముల్లాను అడిగాడు.

"ఎవరప్పా పోయింది?"

కరీముల్లా తల తిప్పకుండానే జవాబు చెప్పాడు. "దేవదానం అయివారంట. పులివెందుల బస్సు బోల్తా పడిందంట, పాపం."

దేవదానం ఇంకాస్త దగ్గరకు జరిగాడు. "ఎవరు చెప్పినారు?"

"ఎవరు చెప్పాల? పొద్దున్నే ఆయమ్మ తెల్లచీర కట్టుకోని, ఉత్త చేతులతో బయటికొచ్చింది. గులాబ్‌బీ సూసి, ఏమైందక్కా అంటే నోట మాట రాల్యా. రాత్రి అయివారు ఇంటికి రాల్యాదా అంటే తల అడ్డంగా ఊపింది. ఇంకేం కావాలప్పా?"

నిజమే, ఇంకేం కావాలి! తెల్లచీర ఆరో నియమం. ఉత్త చేతులు మొదటి నియమం. మూగనోము పద్నాలుగోది. తన దస్తూరీతో తానే తన చావు కబురు రాసి గోడకు అంటించాడన్నమాట. గబుక్కున తువ్వాలు లాగేసి "నేనుండానప్పా" అనబోయాడు. కానీ మనిషి కదా! చచ్చిపోయాక తన గురించి జనం ఏమనుకుంటారో వినే భాగ్యం ఎంతమందికి దొరుకుతుంది? పరిశుద్ధత కోసం తానెంత పాటుపడ్డాడో ఎవరో ఒకరు చెప్పకపోతారా అని చెవులు రిక్కించాడు.

మెట్ల మీద కరుణమ్మ కూర్చుని ఉంది. ఆమె పక్కనే గులాబ్‌బీ, గాజుల మలారం మూట కింద పడేసి గుండెలు బాదుకుంటోంది.

"గత్తర రోగమొచ్చిన ఏడు మా వీధిలోకి మా సుట్టాలే అడుగు పెట్టల్యా! ఈయప్ప పెన్నేటి ఇసకలో చెలమ తోడి, కావడేసుకోని ఇంటింటికీ నీళ్లు పోసినాడే! మా ఆయన ఫకీర్ సాహెబ్ నోట్లో గంజి పోసింది ఈయప్ప చెయ్యే!"

అది దేవదానం ఎప్పుడో మరిచిపోయిన సంగతి. అప్పుడు ఎవరూ నియమం పెట్టలేదు. దాహమన్నారు, నీళ్లు తెచ్చాడు, అంతే.

"నన్ను బడి పంచలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించినాడు" అని సుందరమ్మ ఏడ్చింది. "నా ముదురు చేతికి అ రాయడానికే వారం పట్టె. ఒక్కనాడు నవ్వల్యా, విసుక్కోల్యా. ఈపొద్దు నా అంతట నేను బైబిలు చదువుకుంటాండానంటే అంతా ఆయన పెట్టిన భిక్ష."

దేవదానం ఇంకా ఎదురుచూశాడు. నియమాల ఊసు ఎవరూ ఎత్తలేదు. చివరికి కరీముల్లాయే ఎత్తాడు. "మొన్నీమధ్య ఏందో కాగితం రాసి గోడకు అంటించినాడంట. వయసు మీద పడితే అట్లనే ఉంటాదిలే. మనిషి మాత్రం బంగారం."

తువ్వాలు కింద దేవదానం మొహం సిగ్గుతో మండిపోయింది.

ఇంతలో, ఏడుపులో గోడ మీది నియమాలే మరిచిపోయిన సుందరమ్మ కళ్లు తుడుచుకుని కరుణమ్మ చేతులు పట్టుకుంది. "మనిషి ఇంటికి రాల్యా, మొగం సూడల్యా, అప్పుడే ఉత్త చేతులేందక్కా? యాడన్నా బతికే ఉండాడేమో! గులాబ్‌బీ, నువ్వే తొడిగినావు కదా, నువ్వే తియ్యి. అన్నీ అక్కకు ఎయ్యి."

గులాబ్‌బీ సుందరమ్మ అరచేతిని మడిచి, బొటనవేలి కుదురు నొక్కి, ఒక్కో గాజునీ చిట్లకుండా జార్చింది. అదే నేర్పుతో కరుణమ్మ చేతికి ఎక్కించింది. కరుణమ్మ వద్దు వద్దని తల ఊపుతోంది. ఆమె కళ్ల నుంచి ధారగా నీళ్లు కారుతున్నాయి. ఈ కబురు తన మౌనంలోంచే పుట్టిందని ఆమెకు తెలుసు; ఆ కన్నీళ్లు మొగుడి కోసం కావు, ఈ ఇద్దరి ప్రేమ చూసి. కానీ చూసేవాళ్లకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? ఏడుపులు రెండింతలయ్యాయి.

దేవదానం ఇక ఆగలేకపోయాడు. తువ్వాలు పెరికి పారేశాడు.

"ఏడవొద్దండమ్మా! నేను బతికే ఉండా!"

కరీముల్లా ఎగిరి రెండడుగులు అవతల పడ్డాడు. గులాబ్‌బీ "యా అల్లా!" అని అరిచి, తిట్లకు దిగింది. "బతికుండేటోడివి సాటుగా నిలబడి వింటాండావా? నా గొంతంతా పాయె కదప్పా!"

దేవదానం భార్య మీద విరుచుకుపడ్డాడు. "నోరు తెరిచి ఒక్క మాట చెప్పకూడదా?"

కరుణమ్మ పది వేళ్లు చూపించింది. తర్వాత ఇంకో నాలుగు. ఆకుపచ్చ గాజులు గలగలమన్నాయి. వీధి వీధంతా ఒక్కసారిగా నవ్వింది.

గుడి దగ్గర ఎప్పటిలాగే దేవదానం గుమ్మంలో నిలబడ్డాడు. పక్క గోడ మీదే కాగితం. సుందరమ్మ, ఆమె వెనకే కరుణమ్మ వచ్చారు. సుందరమ్మ తన చేతులు రెండూ ఆయన ముందుకు చాపింది.

"సూడు అయివారా, ఒక్క గాజూ లేదు. నాకు బల్ల ఉండాది కదా?" అని అమాయకంగా అడిగింది. అంతలోనే ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగి చూసి కంగారు పడింది. "మరి అక్కకో? అక్క చేతికి ఎక్కించి పెట్టినానే! అక్క బయట నిలబడాల్నా? అట్లయితే నేనూ నిలబడతా."

దేవదానం వేళ్లతో గోడ గీకి, కాగితాన్ని చిరక్కుండా ఊడదీసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పోండమ్మా, ఇద్దరూ లోపలికి పోండి" అన్నాడు. ఆ రోజు సంఘంలో అందరూ తీసుకున్నాక, చిట్టచివర ఆయన బల్ల దగ్గరకు వెళ్లాడు.

మర్నాడు గులాబ్‌బీ ఇంటికి పోయి, సుందరమ్మ కొలతకు ఆకుపచ్చ గాజులు ఏరించాడు. పొట్లం కట్టడానికి ఆమె పాత పేపరు అందుకోబోతే, జేబులోంచి తన కాగితం తీసి ఇచ్చాడు. మందపు కాగితం, గాజులు చిట్లకుండా కాచుకుంటుంది.

సుందరమ్మ పొట్లం అందుకుంది. విప్పబోతూ పైనున్న గుండ్రటి అక్షరాలను గుర్తుపట్టింది. వేలు పెట్టి, ఆయన నేర్పించినట్లే కూడబలుక్కుంటూ, గట్టిగా చదివింది.

"మొ...దటి ని...యమం. స్త్రీలు గా...జులు ధ...రించ...రాదు."

చదివి, లోపలున్న గాజుల్ని చూసి, పగలబడి నవ్వింది. "తప్పు లేకుండా సదివినానా అయివారా?"

"సదివింది సరిగ్గానే ఉండాది సుందరమ్మా" అన్నాడు దేవదానం. "తప్పంతా రాసినోడిదే."